ఉద్యోగము పోయినవాని మొర
(ఒక పఠనాలయ సభలో మేము చేసిన ఉపన్యాసపు పాఠము)



ఈ సాయంకాలము మమ్ము మాటలాడుమని కోరిన మిత్రులు విషయమును మా యిష్టమునకే విడిచిరి. దేశమును గూర్చియు, భాషను గూర్చియు చెప్పవలసినవి యనేకములు కలవు. అయినను ఈ పఠనాలయమున దినమును పత్రిక చదువవచ్చువారిని కన్నులార చూచినపుడు మాకు వేరొక విషయము తోచినది. ఇందు బడిపంతులు కలడు. మండల కచేరి గుమాస్తా కలడు. పింఛను పుచ్చుకొను వృద్ధుడు కలడు. ప్రభుత్వోద్యోగమునకై పరీక్షలు వ్రాయుచున్న యువకుడు కలడు. వీరందరి బ్రతుకులను తాకు ప్రశ్న యొకటి యున్నది. ఏ తప్పును చేయని ప్రభుత్వోద్యోగిని, ఖర్చు తగ్గింపు పేరనో, పద్ధతి మార్పు పేరనో, సర్కారువారు ఇంటికి పంపినచో ఆతడెవరి వాకిట నిలువవలెను? ఎన్ని దినములలో నిలువవలెను? నిలిచిన పిమ్మట ఆతని మాట వినువారెవరు? ఈ ప్రశ్నకు మన దేశమున లభించిన ప్రత్యుత్తరమును, అందలి లోపమును మీ ముందుంచుటయే మా యుద్దేశము.

ఉద్యోగము రెండు విధముల పోవును. లంచము పుచ్చుకొనెననియో, విధి తప్పెననియో నేరము మోపి తీసివేయుట యొకటి. అది శిక్ష. ఉద్యోగి నిర్దోషియే గాని ఆతడు కూర్చున్న కుర్చీ యక్కర లేదని యెత్తివేయుట రెండవది. అది తగ్గింపు. మొదటిదానిలో కుర్చీ నుంచి మనుష్యుని తీయుదురు. రెండవదానిలో కుర్చీని తీయగా మనుష్యుడు తనంతట తానే క్రిందపడును. పడినవానికి దెబ్బ రెంటను ఒక్కటే. ఆ నెల జీతము రాదు, అంగడివాడు అరువు పెట్టడు, పిల్లవాని ఫీజు కట్టుటకు దారి లేదు. న్యాయశాస్త్రము మాత్రము ఈ యిరువురికిని వేర్వేరు దారులు వేసినది. నేరము మోపబడినవానికి ఆరోపణపత్రము, సంజాయిషీ, విచారణ, అప్పీలు అను నాలుగు మెట్లు కలవు. నిర్దోషియైనవానికి అందు మొదటి మెట్టే లేదు. ఇది వినుటకు విపరీతముగా నున్నది గదా! ఈ విపరీత మెట్లు పుట్టెనో చూతము.

పరాయి పాలనలో ఉద్యోగి ప్రభువు చిత్తమున్నంతవరకే ఉద్యోగి. 1919 నాటి ఇండియా ప్రభుత్వ చట్టములోని 96-బి సెక్షను ఈ మాటను స్పష్టముగా చెప్పి, ఆ చిత్తమును నియమముల ననుసరించి చెల్లింపవలెనని తోక తగిలించినది. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున పనిచేసిన వెంకటరావుగారు తమ్ము నియమానుసారముగా విచారింపకయే తొలగించిరని దావా వేసి, లండనులోని ప్రీవీకౌన్సిలు వరకును పోయిరి. నియమములు పాటింపవలసినవే, అయినను పాటింపనంత మాత్రమున కోర్టు కెక్కు హక్కు ఉద్యోగికి రాదు, పై యధికారులకు మొర పెట్టుకొనుటయే ఆతని దారి, యని ఆ పెద్దలు సెలవిచ్చిరి. కొట్టినవాని తండ్రితో పోయి చెప్పుకొమ్మన్నట్లున్నది ఈ తీర్పు. 1922-23లో ఇంచికేపు ప్రభువు అధ్యక్షతను తగ్గింపు సంఘము కూర్చున్నప్పుడును, 1931లో మాంద్యము వచ్చి జీతములలో నూటికి పది కోత పడినప్పుడును, చిన్న గుమాస్తా చేతిలో మిగిలినది విధేయతతో వ్రాసికొను అర్జీ యొక్కటే.

స్వరాజ్యము వచ్చినది. 1950 జనవరి 26వ తేదీని రాజ్యాంగ మమలులోనికి వచ్చినది. 310వ అధికరణము పాత ‘చిత్తము’ను అట్లే నిలిపినది గాని, 311వ అధికరణము దానికి కళ్లెము వేసినది. నియమించినవానికంటె తక్కువ యధికారి తీసివేయరాదు. ఆరోపణలను తెలిపి, విచారించి, సమాధానము చెప్పుకొనుటకు తగిన యవకాశ మీయక ఉద్యోగిని డిస్మిస్ చేయరాదు, తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. క్రిమినలు నేరమున శిక్షపడినవాని విషయమునను, విచారణ జరుపుట ఆచరణయోగ్యము కానప్పుడును, దేశభద్రతకు సంబంధించినప్పుడును మాత్రమే దీనికి మినహాయింపు. పరాయి ప్రభుత్వము కోర్టు వాకిలి మూసినచోట మన రాజ్యాంగము వాకిలి తెరచినది. ఇది చిన్న విజయము కాదు.

అయితే ఆ వాకిలి నేరము మోపబడినవానికే తెరువబడినది. 1957లో పురుషోత్తమలాలు ధింగ్రా వ్యాజ్యమున సుప్రీముకోర్టు 311వ అధికరణపు హద్దులను గీచి, తొలగింపు శిక్షారూపమైనదా కాదా యని చూడవలెననెను. 1973లో కేరళనుండి వచ్చిన రామనాథపిళ్ల వ్యాజ్యమున మరియొక మాట తేల్చెను. పదవిని సృష్టించుటయు, రద్దు చేయుటయు ప్రభుత్వ విధానమునకు సంబంధించిన పని. పదవి రద్దగుటచేత ఉద్యోగము పోయినచో అది శిక్ష కాదు. కావున విచారణ జరుపనక్కర లేదు. ఒక్కటే షరతు: రద్దు సద్భావముతో జరిగియుండవలెను, ఒక మనుష్యుని వదలించుకొనుటకు వేసిన ముసుగై యుండరాదు. సభాసదులారా, ఈ షరతును జ్ఞాపకముంచుకొనుడు. తగ్గింపుపాలైనవాని చేతికి న్యాయస్థానమిచ్చిన ముఖ్యమైన ఆయుధ మిదియే.

ఇక మన యాంధ్రదేశపు అనుభవమునకు వత్తము. 1983 ఫిబ్రవరి 8వ తేదీని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఉద్యోగ విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించుచు ఉత్తరువు చేసెను. అప్పటికే 55 నిండినవారందరును ఆ నెల 28వ తేదీ సాయంకాలము ఇండ్లకు పోవలసినదే. నడుమ నున్నవి ఇరువది దినములు. ఆ యుత్తరువు క్రింద సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులును, 10,000 మంది ప్రభుత్వ సంస్థల ఉద్యోగులును ఒక్కపెట్టున పనిమాలిరి. ఏబదియారవయేట నున్న గృహస్థు తనకింకను రెండేండ్ల జీతము కలదను నమ్మకముతో కొమార్తె పెండ్లికి అప్పు చేసియుండును. ఇంటికి పునాది తీసియుండును. ఆతనిని పిలిచి ‘నీవేమందువు?’ అని అడిగినవారు లేరు. అడుగవలసిన విధియు చట్టమున లేదు. యువకులకు కొలువులు దొరకవలెనని ప్రభుత్వము చెప్పిన కారణము. అది చెడ్డ కారణమని మే మనుట లేదు. కాని ఇరువదియెనిమిదివేల కుటుంబముల లెక్కలను ఇరువది దినములలో తారుమారు చేయునపుడు ఒక్క మాటయైన వినకుండుట ధర్మమా యని అడుగుచున్నాము.

ఉద్యోగులు సుప్రీముకోర్టు కెక్కిరి. కె. నాగరాజు వ్యాజ్యమను పేర ప్రసిద్ధమైన దానిలో 1985 జనవరిలో తీర్పు వచ్చెను. విరమణ వయస్సు నిర్ణయము విధానమునకు చెందినది. 55 ఏండ్లనుట నిరంకుశము కాదు. ప్రభుత్వ చర్య చెల్లును. ఇంతలో హైదరాబాదున గాలి మారెను. 1984 ఆగస్టు 23వ తేదీని ఆర్డినెన్సు ద్వారా విరమణ వయస్సు మరల 58కి పెరిగెను. అట్లయిన ఈ నడుమ ఇంటికి పోయినవారి గతి యేమి? వారిని తిరిగి చేర్చుకొనుటకు ప్రభుత్వ మంగీకరింపలేదు. మరల కోర్టు. 1985లోనే బి. ప్రభాకరరావు వ్యాజ్యమున, మన యనంతపురము జిల్లాకు చెందిన ఓ. చిన్నపరెడ్డిగారు న్యాయపీఠమునుండి తీర్పు చెప్పుచు, 58 ఏండ్లు ఇంకను నిండనివారిని మరల ఉద్యోగమున చేర్చుకొనవలెననియు, ఈలోగా నిండినవారికి పోయిన జీతమునకు పరిహార మీయవలెననియు ఆదేశించిరి. తప్పును దిద్దుకొన్న ప్రభుత్వము ఆ తప్పునకు బలియైనవారిని వెలుపల నుంచి తలుపు వేయరాదని దీని భావము.

ఈ కథనుండి రెండు పాఠములు నేర్వవచ్చును. ఒకటి: మొదటి వ్యాజ్యమున ఓడినను రెండవదానిలో గెలుపు రావచ్చును, మొర మానరాదు. రెండు: గెలిచినను కాలము తిరిగిరాదు. రెండున్నరయేండ్లు జీతము లేక గడపిన గృహస్థునకు తీర్పు ప్రతి వచ్చునాటికి అమ్మిన పొలము వడ్డీవ్యాపారి చేతిలోనే యుండును. చేతులు కాలిన పిమ్మట దొరకిన ఆకులవంటిది ఆలస్యముగా వచ్చిన న్యాయము.

రెండవ కథ గ్రామములది. 1984 జనవరి 6వ తేదీని ఆర్డినెన్సు ద్వారా ఆంధ్రప్రదేశమున గ్రామాధికారుల పదవులు రద్దయ్యెను. కరణము, మునసబు అను మాటలు ఆ దినముతో సర్కారు కాగితములనుండి తొలగెను. ఈ పద్ధతిని మేము పొగడబోము. అడంగలును చేతబట్టుకొని రైతును పీడించిన కరణముల కథలు ప్రతి పల్లెలోను వినబడును. వంశపారంపర్యముగా పదవి పొందు హక్కు సమానత్వమునకు విరుద్ధమని 1960లోనే గాజుల దశరథరామారావు వ్యాజ్యమున సుప్రీముకోర్టు తేల్చియుండెను. అది యట్లుండ, 1984 నాటికి పదవిలో నున్నవారిలో పరంపరాబలముచేత గాక నియమములచేత వచ్చిన సామాన్యులును కలరు. ఊరంతటికి లెక్క వ్రాసి, తనకు గుంటెడు భూమిలేని కరణమును కలడు. దుర్మార్గుడును, సన్మార్గుడును ఒక్క గీతతో కొట్టివేయబడిరి. తమిళనాటి గ్రామాధికారుల రద్దును 1982లో కె. రాజేంద్రను వ్యాజ్యమున సమర్థించిన సుప్రీముకోర్టు, 1985లో టి. వెంకటరెడ్డి వ్యాజ్యమున మన రాష్ట్రపు రద్దును గూడ సమర్థించెను. పదవియే పోయినప్పుడు పదవీధరుడు మిగులడు. ఆర్డినెన్సు శాసనముతో సమానము. విచారణ ప్రసక్తి లేదు.

ఒక్క గుమాస్తాను తీసివేసిన యధికారి పదునారు కాగితములు వ్రాయవలెను, సాక్షులను విచారింపవలెను, అప్పీలునకు జవాబు చెప్పవలెను. వేలమందిని తీసివేసిన ప్రభుత్వమున కొక్క కాగితము చాలును. ఒక్కనిని తీసిన అది విచారణ. వేయిమందిని తీసిన అది విధానము. దెబ్బ పెద్దదైనకొలది మొర పెట్టుకొను హక్కు చిన్నదగుచున్నది. మేము నేడు మీ ముందుంచదలచిన లోప మిదియే.

లోపమున్నంత మాత్రమున ఉద్యోగి చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. ఉన్న దారి యేదో, అందు తప్పరాని మైలురాళ్లేవో తెలిసికొనుట ముఖ్యము. ఈ భాగమును యువకులు వ్రాసికొనగోరుదుము.

మొదట ఉత్తరువును కాగితముమీద పుచ్చుకొనవలెను. అది చేతికందిన తేదీని వ్రాసి యుంచవలెను. నోటిమాటతో పొమ్మన్నచో, ఉత్తరువు ప్రతి నీయుమని వ్రాతమూలముగా కోరవలెను. కాగితము లేనిచో అప్పీలు దేనిపైన? 2019 అక్టోబరులో తెలంగాణా ఆర్టీసీ ఉద్యోగులు సమ్మె కట్టినపుడు, గడువులోగా పనిలో చేరనివారు తమ్ముతామే తొలగించుకొన్నారని ప్రభుత్వాధినేత ప్రకటించెను. సుమారు 48,000 మంది తమ యుద్యోగ మున్నదో లేదో తెలియక రెండు నెలలకు కొంచెము తక్కువగా తల్లడిల్లిరి. నవంబరు చివర వారిని మరల చేర్చుకొనిరి. సమ్మె మంచిచెడుగులను మే మిచట విచారింపము; ఎవరి కుత్తరువు రాలేదో వాడు దేనిని ప్రశ్నింపగలడను మాటనే జ్ఞాపకము చేయుచున్నాము.

పిమ్మట ఆ యుత్తరువు శిక్షయా, తగ్గింపా యని చూడవలెను. పైకి తగ్గింపని వ్రాసి లోపల నింద మోపియున్నచో అది శిక్షయే. అప్పుడు 311వ అధికరణము సాయమునకు వచ్చును. శిక్షయైనచో కేంద్రోద్యోగికి 1965 నాటి నియమముల ప్రకారము 45 దినములలో పై యధికారికి అప్పీలు చేయు హక్కు కలదు. రాష్ట్రోద్యోగులకు వారి వారి నియమములలో గడువు వేరుగా వ్రాయబడియుండును; దానిని మొదటి దినముననే చూచుకొనవలెను.

నిజమైన తగ్గింపే యైనచో అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. పదవి నిజముగా పోయినదా, లేక పేరు మార్చి మరియొకనిని కూర్చుండబెట్టిరా? నాకంటె వెనుక వచ్చినవారి నుంచి నన్ను తీసిరా? నేను చేయదగిన పని వేరొక కచేరిలో ఖాళీగా నున్నను నా కీయలేదా? నాకు రావలసిన నోటీసు, సొమ్ము వచ్చినవా? ఈ నాలుగింటికిని ఆధారము లేకపోలేదు. కేంద్రమున మిగులు ఉద్యోగులను వేరొకచోట సర్దుటకు 1990లో ప్రత్యేక నియమములు వ్రాసిరి. ఖాయపు పదవి రద్దయి, సమానమైన వేరొక పదవి చూపనిచో మూడు నెలల నోటీసును, పరిహారపు పింఛనును ఈయవలెనని 1972 నాటి కేంద్ర పింఛను నియమములు చెప్పినవి. తరువాత ఉద్యోగమున చేరి నూతన పింఛను పద్ధతిలో నున్నవారు తమకు వర్తించు నియమములను వేరుగా చూచుకొనవలెను.

ఈ ప్రశ్నలతో పై యధికారికి విజ్ఞాపన మంపవలెను. కేంద్రోద్యోగియైనచో తరువాతి వాకిలి కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలు. దాని పీఠమొకటి హైదరాబాదున కలదు. 1985 నాటి చట్టము ప్రకారము ముందుగా శాఖలో మొర పెట్టుకొనవలెను. ఆరు నెలలు కాచినను జవాబు రానిచో ట్రిబ్యునలునకు పోవచ్చును. జవాబు వచ్చినచో ఆ తేదీ నుండియు, రానిచో ఆరు నెలలు గడచిననాటి నుండియు ఒక్క సంవత్సరమే గడువు. ఇచటనే అనేకులు మునుగుచున్నారు. ఒక యర్జీకి జవాబు రానిచో రెండవది, రెండవదానికి రానిచో మూడవది పంపుచు, దొరగారి దయ కొరకు కాచుకొనియుందురు. అర్జీపైన అర్జీ పెట్టినంత మాత్రమున గడువు పెరుగదని 1989లో ఎస్.ఎస్. రాథోడు వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఖండితముగా చెప్పినది. కావున మొదటి యర్జీ వేసిననాడే పంచాంగమున చివరి దినమునకు గురుతు పెట్టవలెను. ట్రిబ్యునలు తీర్పుపై హైకోర్టునకు పోవు హక్కు కలదని 1997లో చంద్రకుమారు వ్యాజ్యమున తేలినది.

రాష్ట్రోద్యోగుల మాట యేమి? ఇది వినదగిన కథ. 371-డి అధికరణము క్రింద ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకముగా నొక పరిపాలనా ట్రిబ్యునలు 1976లో పని మొదలుపెట్టినది. ఉద్యోగి తగవు వినుటకొక న్యాయస్థానము వెలసెనని సంతోషించినవారు ఆ యధికరణపు అయిదవ ఖండమును చదివి నిర్ఘాంతపోయిరి. ట్రిబ్యునలు చెప్పిన తీర్పును రాష్ట్రప్రభుత్వము మార్చవచ్చును, రద్దును చేయవచ్చును! ఎవరిపైన ఫిర్యాదో వారే తీర్పును చింపివేయవచ్చును. కంచెయే చేను మేయుట యనగా నిదియే. 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ యధికారము న్యాయపాలనకే విరుద్ధమని కొట్టివేసెను. 1985 నాటి చట్టము క్రింద ట్రిబ్యునలు తిరిగి 1989లో యేర్పడెను. అటుపిమ్మట తెలంగాణకు 2016లోను, ఆంధ్రప్రదేశమునకు 2019లోను ఆ ట్రిబ్యునలే రద్దయ్యెను. పదవి రద్దయినవాని మొర వినవలసిన పీఠమే రద్దయిన పిమ్మట ఇరు రాష్ట్రముల ఉద్యోగులకును హైకోర్టే దిక్కైనది. ట్రిబ్యునలులో ఆలస్యము లేకపోలేదు; హైకోర్టులో న్యాయమునకు లోటుండునని మే మనుట లేదు. కాని ఇచ్ఛాపురపు అటెండరు అమరావతికిని, ఆదిలాబాదు గుమాస్తా హైదరాబాదునకును పోయి, వకీలును కుదుర్చుకొని, వాయిదాలకు తిరుగవలెనన్న ఎన్ని నెలల జీతము కావలెనో లెక్కించి చూడుడు. ఆ జీతమే గదా ఆతనికి పోయినది!

అంతకంటె దీనుడొకడు కలడు. నేటి కచేరులలో కంప్యూటరు ముందు కూర్చున్నవాడు, ఆసుపత్రిలో రక్తము పరీక్షించువాడు, వీధి నూడ్చువాడు, వీరిలో అనేకులు కాంట్రాక్టు మీదనో, ఏజెన్సీ ద్వారానో వచ్చినవారు. ప్రజ లందరును వీరిని సర్కారు మనుష్యులనుకొందురు. ఉద్యోగము పోయిననాడు సర్కారు మాత్రము ‘నీవు మా మనిషివి కావు’ అనును. పద్ధతి ప్రకారము నియమింపబడనివారికి ఎన్నేండ్లు పనిచేసినను ఖాయము చేయుమని అడుగు హక్కు లేదని 2006లో ఉమాదేవి వ్యాజ్యమున సుప్రీముకోర్టు తేల్చినది. దొడ్డిదారి నియామకములను ఆపుట కా తీర్పు మంచిదే. కాని ఆ దారి తెరచిన యధికారికి లేని శిక్ష, అందు నడచిన పేదవాని కేల?

ఇచట యువకుడొకడు లేచి మమ్ము ప్రశ్నింపవచ్చును. “అయ్యా, జీతము తిన్నవారికొరకు ఇంత కంట నీరేల? పన్ను కట్టు రైతు మాట యేమి? ఏండ్ల తరబడి పరీక్షలు వ్రాయుచున్న మా మాట యేమి? అక్కరలేని పదవులను ప్రజలు మోయవలెనా?” ఈ ప్రశ్న న్యాయమైనది. అక్కరలేని పదవి యుండరాదు. ప్రభుత్వమునకు తగ్గించు నధికార ముండవలెను. మేము కోరునది కుర్చీలు శాశ్వతములు కావలెననికాదు. తీయుటకు ముందు వినవలెననియే. వినుటవలన రైతుకును నష్టము లేదు. సద్భావముతో చేసిన తగ్గింపు ప్రశ్నకు నిలుచును. దురుద్దేశముతో చేసినది నిలువదు. వినకయే తీసివేసి పిమ్మట కోర్టులో ఓడినచో పరిహారము చెల్లించునది ఆ రైతు పన్నుతోనే. 1985లో జరిగినది అదియే. ఇక యువకునితో నొక మాట: నాయనా, నీవు కోరుచున్న కుర్చీ నేటిది, నీవు కూర్చున్న పిమ్మట అదియే రేపటి తగ్గింపు పట్టికలో చేరవచ్చును. నేడు వీనికొరకు తెరచిన వాకిలి రేపు నీకును దారి యగును.

చూడుడు, ఫ్యాక్టరీ కార్మికుని విషయమున మన శాసనకర్తలు ఈపాటి వివేకమును ఎప్పుడో చూపిరి. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, ఏడాదిపాటు ఎడతెగక పనిచేసిన కార్మికుని తగ్గింపున తీయవలెనన్న ఒక నెల నోటీసు లేదా దానికి బదులు జీతమును, పనిచేసిన ప్రతి యేటికి పదునైదు దినముల సగటు వేతనమును ఈయవలెనన్నది. కడపట వచ్చినవాడు మొదట పోవలెనన్నది. మరల పని పుట్టినచో తీసివేయబడినవానినే ముందు పిలువవలెనన్నది. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి ఆ చట్టము స్థానమున వచ్చినను ఈ సూత్రములు అందు నిలిచియున్నవి. ప్రైవేటు యజమానికి వర్తించు ఈ ధర్మము, ఆ ధర్మమును శాసించిన ప్రభుత్వమే యజమానియైనపుడు వెనుకబడుట తగునా?

కావున మా కోరికలు నాలుగు. సామూహికముగా పదవులు తీయుటకు ముందు, ఏ పదవులు, ఏ కారణముచేత, ఎవరెవరివి యను పట్టికను జ్యేష్ఠతాక్రమముతో ప్రకటించి, ఒక నెల దినములు అభ్యంతరములను వినవలెను. వేరొక కచేరిలో ఖాళీయున్నంతవరకు ఎవనిని ఇంటికి పంపరాదు. ప్రభుత్వాజ్ఞకు లోబడని న్యాయాధికారి యొకడు జిల్లా కేంద్రమునకే వచ్చి, నిర్ణీతమైన గడువులో ఈ తగవులను తీర్పవలెను. పదవి మరల పుట్టిననాడు పోయినవానికే మొదటి పిలుపు రావలెను; కాంట్రాక్టు పనివానికిని నోటీసును, కారణమును ఈయవలెను. ఇందు ఖజానాను దివాలా తీయించు కోరిక యొక్కటియు లేదు.

సభాసదులారా! ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదము. మనము చేయదగిన పని యొకటి మన చేతిలోనే కలదు. ఉత్తరువును చదువుకొనలేని అటెండరు, గడువు తెలియని స్వీపరు, నియమముల పుస్తక మెన్నడును చూడని బడిఆయా ఈ పట్టణమున ఎందరో కలరు. ఈ పఠనాలయమున సర్వీసు నియమముల పుస్తకముల నొక బీరువాలో చేర్చుడు. పింఛను పుచ్చుకొనుచున్న పెద్దలు, నలుబదియేండ్లు కచేరులలో కాగితములు నడపినవారు, వారమున కొక్క సాయంకాలము ఈ బల్లయొద్ద కూర్చుండుడు. వచ్చినవాని యుత్తరువును చదివి, తేదీ చూచి, విజ్ఞాపనము వ్రాసిపెట్టుడు. రసీదు జాగ్రత్తపరుపుమని చెప్పుడు. గడువు దాటిపోయిన న్యాయమైన మొరకంటె గడువులో వేసిన ముక్కలుముక్కల తెలుగు అర్జీ మేలు. మొర పెట్టుకొనుట బిచ్చమెత్తుట కాదు. మన రాజ్యాంగము మనచేత పలికించు మాట. ఆ మాటను సకాలమున పలుకుట కొక్క మనుష్యునికి మీరు తోడ్పడినను ఈ సాయంకాలపు మా ప్రసంగము సార్థకమగును. సెలవు.